హద్దు లేని బస్తీకి రంగు పడింది

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మదీనాగూడలో ఎవరో ఉరేసుకున్నారని అందరూ వద్దన్న ఫ్లాట్‌లోనే కిరాయికి చేరి, హాయిగా నిద్రపోతున్న మనిషిని. ఇది రాస్తున్నది భయపడి కాదు, ఒళ్లు మండి.

హైటెక్ సిటీలో మ్యాపులు చేసే చిన్న కంపెనీలో నా ఉద్యోగం. జనాభా లెక్కల్లో ప్రతి బస్తీకీ ఒక కోడ్ ఉంటుంది. మ్యాపులోని హద్దుకీ అదే కోడ్ ఉంటే రెండూ అతుక్కుని, జనం అవసరాన్ని బట్టి అక్కడ రంగు పడుతుంది, అవసరం ఎక్కువైతే ముదురు ఎరుపు. ఆ రంగులు చూసే కొత్త దవాఖాన ఎక్కడ కట్టాలో తేలుస్తారు.

గోపన్‌పల్లి వైపు ఒక బస్తీకి లెక్కల్లో జనం ఉన్నారు, మ్యాపులో హద్దు లేదు. మా టీమ్ లీడ్‌కి చెప్పాను.

"పక్కనున్న విల్లాల్లో కలిపేయండి. సాయంత్రం ప్రెజెంటేషన్ ఉంది కదండీ" అన్నాడు.

కలిపితే బస్తీ ఆ విల్లాల లెక్కలో మునిగిపోతుంది, దవాఖాన రాదు. ఆ మాటే అంటే, "అవన్నీ మీకెందుకండీ" అన్నాడు. ఎందుకేమిటి? నా పక్క సీటు మల్లేష్‌ది ఆ బస్తీయే. పోయిన వానాకాలం వాళ్లమ్మ దవాఖానకు చేరకముందే ఆటోలో ప్రాణం విడిచింది. అతను అక్కడే కూర్చుని ఇదంతా వింటున్నాడు.

పళ్లు కొరుక్కుంటూ కలిపాను. సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూసుకున్నాను. ఒకటే ముక్క, ఒకటే రంగు.

సాయంత్రం అధికారుల ముందు నా లాప్‌టాప్ నుంచే మ్యాపు తెర మీద వేస్తే, బస్తీ విడిగా ఉంది, ముదురు ఎరుపులో. దాని హద్దు సన్నగా తోకలా సాగి, విల్లాల మధ్య నుంచి మెయిన్ రోడ్డు దాకా పోయింది. అధికారి ఒకాయన ఆ ఎరుపు మీద వేలు పెట్టి, దవాఖాన అక్కడే కట్టాలన్నాడు.

మీటింగ్‌కి నాతో వచ్చిన మల్లేష్ తెరనే చూస్తూ మెల్లగా అన్నాడు. "అక్కా, గా తోక మా పాత బాట. విల్లాలోళ్లు గోడ కట్టి మూసేసిండ్రు. గా గోడ జేయబట్టే ఆ దినం చుట్టు తిరిగి పోయినం. అమ్మ దక్కలే."

ఆ బాట మాకిచ్చిన హద్దుల ఫైల్లో లేదు. శాటిలైట్ ఫొటోలో అక్కడ గోడే కనిపిస్తుంది. లాప్‌టాప్ నా చేయి దాటలేదు. మీటింగ్ అయ్యాక అదే ఫైలు తెరిస్తే, నేను కలిపిన ముక్క కలిపినట్టే ఉంది.

బస్తీ విడిగా ఎలా వచ్చిందో టీమ్ లీడ్ నన్ను రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నాడు. నా దగ్గర లేదు, ఈ రోజుకీ లేదు. కానీ బాట మూసి గోడ కట్టినవాళ్లను ఇంతవరకూ ఒక్కరూ వివరణ అడగలేదు. నన్నే అడుగుతారా?