వరస తప్పిన రక్తం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో కంచరపాలెంలో ఒక మేడమీది గదిలో ముగ్గురం వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళం. ఒక బ్లడ్‌బ్యాంకు వాళ్ళు తమ రక్తదాతల కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, గ్రూపు కొడితే పేర్లు వచ్చేలా చెయ్యమన్నారు. కార్డులు వేలల్లో ఉన్నాయి. టైపు చెయ్యడానికి పెట్టుకున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరు పేర్లూ ఫోన్ నంబర్లూ ఒక ఫైల్లో, ఇంకొకరు గ్రూపులు వేరే ఫైల్లో కొట్టారు. రెండింట్లోనూ ప్రతి వరసకూ ముందు కార్డు నంబరుంది.

నా ప్రోగ్రాం ఒక్కో పేరు తీసుకుని, రెండో ఫైల్లో అదే నంబరు వెతికి, జతచేసి డేటాబేసులో పెట్టేది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి పదోవంతు కూడా కాలేదు. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన మా సీనియర్ వెనక నిలబడి చూశాడు.

"ఏటి బావ, ఒక్కొక్కటీ మోస్తన్నావ్? మొత్తం ఒకేపాలి దించీ."

దించేశాను. ఇంకా తొందరగా అవుతుందని, నంబర్లు కలిపి చూసే పని నేనే తీసేశాను. రెండు ఫైళ్ళనూ వరసకు వరస పక్కపక్కన అతికించి, ఒకే కమాండుతో ఎక్కించాను. టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. సాయంత్రమే సైటు తెరిచాం.

మర్నాడు పదిగంటలకు బ్లడ్‌బ్యాంకు నుంచి ఫోను, వెంటనే రమ్మని. వెళ్ళేసరికి జాలరిపేట నుంచి వచ్చిన ఒకామె వేలికి దూది నొక్కుకుని బెంచీ మీద కూర్చుంది. కాన్పు కష్టమైన ఒకమ్మాయికి ఓ నెగెటివ్ రక్తం కావాలంటే, మా సైటులో చూసి ఈమెను పిలిచారట. చేపల తట్ట పక్కామెకు అప్పగించి ఆటోలో వచ్చింది. తీరా పరీక్ష చేస్తే బి పాజిటివ్.

"నాది అది కాదని ఫోన్లోనే సెప్పాను బాబూ. కంప్యూటర్లో అలాగే ఉందన్నారు. నాకేటి తెలుస్తాది, వచ్చేసాను," అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

తెర మీద ఆమె పేరు తీసి పాత కార్డుతో పోల్చాను. గ్రూపు తప్పు. కింద పేరుకీ తప్పే. దాని కింద పేరుకీ తప్పే. గ్రూపులు కొట్టేటప్పుడు ఎక్కడో ఒక కార్డు జారిపోయింది. అక్కణ్ణుంచి ప్రతి మనిషికీ తర్వాతి మనిషి రక్తం అంటుకుంది.

"ఈమె తర్వాతి కార్డు తియ్యండి," అన్నాను. అది ఆటోనగర్లో వెల్డింగ్ చేసే ఒకతనిది. ఓ నెగెటివ్. ఫోన్ చేస్తే గంటలోపే మసి చేతులతో వచ్చాడు. తల్లీబిడ్డా గట్టెక్కారని సాయంత్రం తెలిసింది.

ఆలోగా సైటు మూసేశాం. ఈసారి రెండు ఫైళ్ళనూ అతికించకుండా, దేనికది మొత్తంగా డేటాబేసులోకి దించి, అక్కడే కార్డు నంబర్లు కలిపించాను. జత దొరకని కార్డు ఒక్కటే విడిగా బయటపడింది. ఇంత సరిచూసినా పట్టింది అయిదు నిమిషాలే. ముందురోజు నేను మిగుల్చుకున్నది ఆ అయిదు నిమిషాలే.