మర్చిపోయి పెట్టిన పేరు

చొక్కాల కార్ఖానాలో కాజాలు కుట్టే ఆ అమ్మాయిని అందరూ వసపిట్ట అనేవాళ్లు. మిషన్ ఆగినా ఆమె నోరు ఆగేది కాదు. ఆడపిల్ల పుట్టి, సెలవైపోయి మళ్లీ పనిలోకి వచ్చాక అయితే మరీను. పాపకి మొదటి పేరుగా అత్తగారు తన తల్లి పేరు ఖాయం చేసేసింది. "మధ్య పేరు నీ ఇష్టం అమ్మాయ్, అందులో నేను వేలు పెట్టను" అంది.

ఇంకేముంది, కార్ఖానాలో తలా ఒక పేరు చెప్పారు. కత్తిరింపుల మేస్త్రి చెప్పిన పేరు పలకాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఇస్త్రీ చేసే ఆవిడ చెప్పిన పేరు ఆవిడ పిల్లికి ఉంది.

ఒక మధ్యాహ్నం మెడపట్టీకి కాజా వేస్తుంటే, ఒక పేరు దానంతట అదే ఆమె నాలుక మీదికి వచ్చింది. చిన్న పేరు, ఎక్కడా విననిది. "నాకే తట్టింది!" అని సాయంత్రం దాకా అందరికీ చెప్పుకుంది. ఆ వారమే పుట్టిన పత్రంలో రాయించేశారు.

ఆదివారం దగ్గరివాళ్లని భోజనానికి పిలిచారు. వసపిట్టని చంకనేసుకుని పెంచిన అక్క కూడా వచ్చింది. ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. పిల్లలు లేరు. పాపని ఒళ్లోకి తీసుకుని, తను అల్లిన స్వెట్టర్ తొడుగుతోంది. అప్పుడు అత్తగారు ముచ్చటగా పాప పేరంతా గొంతెత్తి పిలిచింది.

స్వెట్టర్ తొడుగుతున్న అక్క చేతులు ఆగిపోయాయి.

"మధ్య పేరు ఎవరు పెట్టారే?"

"నేనే అక్కా! ఎలా తట్టిందో నాకే తెలీదు."

"బాగుంది" అంది అక్క. పాపని పక్కవాళ్లకి ఇచ్చి వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది. తలనొప్పని చెప్పి, తినకుండానే చెప్పులేసుకుంది.

వెనకే వెళ్తూ బావ గడప దగ్గర ఆగాడు. "మా పాపకి అనుకున్న పేరమ్మా అది. పురిట్లో పోయింది కదా. మీ అక్క ఆ పేరు నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. ఏళ్ల కిందట ఆసుపత్రి మంచం మీద అక్క తన చెయ్యి పట్టుకుని, చెవిలో ఆ పేరు చెప్పింది. తను కూడా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఏడుపే గుర్తుంది, పేరు ఎవరిదో గుర్తు లేదు. తల కొట్టేసినట్టయింది. లోపల అందరూ నవ్వుతూ వడ్డించుకుంటుంటే, గడప దగ్గర్నుంచి లోపలికి వెళ్లడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

చాలా రోజులు ఫోన్ చేయలేకపోయింది. చివరికి ఒక రోజు పని ఎగ్గొట్టి దుకాణానికి వెళ్లింది. అక్క ఎవరిదో కళ్లజోడుకి చిన్న మర బిగిస్తోంది.

"మార్పించేస్తానక్కా. నీ పాప పేరు దొంగతనం చేశాను."

అక్క తలెత్తలేదు. "దొంగతనమైతే కోపమైనా వచ్చేది. దొంగకి వస్తువు ఎవరిదో తెలిసి ఉంటుంది. నువ్వు మర్చిపోయావు చూడూ..." మర బిగిసింది. అద్దం తుడిచింది. "మార్చకు. మారిస్తే రెండోసారి పోయినట్టుంటుంది నాకు. నా ఎదుట పిలవకు, చాలు."

అక్క మళ్లీ రాకపోకలు మొదలుపెట్టింది, అంతకుముందులాగే పాపకి స్వెట్టర్లు అల్లింది. ఆ పేరు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. "పెట్టడమెందుకు, దాచడమెందుకు" అని అత్తగారు సణిగేది. వసపిట్ట మాట మార్చేసేది.

పాప బడిలో చేరాక, ఒకసారి అందరూ అన్నం తింటుంటే, పెద్దమ్మ ఎదుట నిలబడి బడిలో నేర్చుకున్న తన పేరంతా గడగడా అప్పజెప్పేసింది. తల్లి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అక్క పిల్ల వైపు తిరిగింది. మెల్లగా, "అలా కాదమ్మా. మధ్య పేరులో రెండో అక్షరానికి దీర్ఘం ఉంది. సాగదీసి అనాలి" అని, తనే ఒకసారి పలికి చూపించింది.

పాప సాగదీసి పలికింది. అక్క పిల్లని దగ్గరికి లాక్కుని నోట్లో ముద్ద పెట్టింది. తల్లి మాత్రం తల ఎత్తలేకపోయింది. తీసుకున్న పేరుని కనీసం సరిగ్గా కూడా తీసుకోలేదు తను.