ఎర్ర పట్టీ కట్టిన కొమ్మ

పడవ రేవుకు ఆనక ముందే సుమియేకు కొండ మీద తమ తోటలో పొగ కనిపించింది. అవతలి ఒడ్డున అక్కగారి సంవత్సరీకానికి వెళ్ళి రెండు రోజులకు తిరిగొస్తున్న మనిషి, ఒక్కసారిగా లేచి నిలబడింది.

"కొమ్మల కత్తిరింపులకి ఇంకా పది రోజులున్నాయిగా! ఈయనకేం తొందరొచ్చి పడింది?"

పక్కన కూర్చున్న చేపలమ్మే షిగెనో నవ్వింది. "పొగకే అంత కంగారేంటి వదినా? కాలేది ఇల్లు కాదుగా!"

"ఇల్లయితే ఫరవాలేదే!" అంది సుమియే, పడవ తాడు కట్టకముందే రేవు మీదికి దూకుతూ. అరవై ఆరేళ్ళ మనిషి!

ఆమె కోడలిగా వచ్చినప్పుడు నిమ్మాకుకీ కమలాకుకీ తేడా తెలియదు. జాలరుల పిల్ల. "పొలుసులు గీరే చేతికి ఆకులేం తెలుస్తాయిలే" అని అత్తగారు దెప్పింది. ఆ మాట రోషం పుట్టించింది. ఇప్పుడు కళ్ళకు గంతలు కట్టి ఆకు నలిపి ఇస్తే, తమ తోటలో ఏ చెట్టుదో చెప్పేస్తుంది. పెరట్లో పెంచిన వింతలకైతే లెక్కే లేదు. ముడిచిన వేళ్ళలా కాసే దబ్బచెట్టు ఒకటి, చేప మీద పిండుకునే గోలీకాయంత పులుపు కాయ ఒకటి. చలికాలం వాటికి గడ్డి కోటు తొడిగి మరీ కాపాడుతుంది.

నాలుగేళ్ళ కిందట, కొండవాలున మెట్లుగా చెక్కిన తోటలో మూడో మెట్టు మీది కమలా చెట్టుకు ఒకే ఒక్క కొమ్మ కాయలు, మిగతా చెట్టంతా పచ్చగా ఉండగానే, నెల ముందు రంగు తిరిగాయి. తింటే తేనె! చెట్టు ఎప్పుడో గాని అలాంటి కొమ్మ వేయదు. దాన్ని అంటు కడితే కొత్త రకమే పుడుతుంది. సుమియే కాళ్ళు ఆ రోజు నేల మీద ఆనలేదు. కానీ నోరు విప్పలేదు. అంతకు ముందోసారి ఇలాగే ఊరంతా టాంటాం వేస్తే, ఆ కొమ్మ లోపల విరిగి ఉండబట్టి ముందు పండిందని తేలింది. ఇప్పటికీ విందుల్లో "సుమియే బంగారు కమలా" అంటే పడీ పడీ నవ్వుతారు. అందరి కంటే గట్టిగా నవ్వేది ఆమె మొగుడు ఇవావో.

అందుకే ఈసారి, నాలుగైదు కాపులు చూసి రూఢి చేసుకునేదాకా ఎవరికీ చెప్పకుండా దాచింది. ఆ కొండ మీద ఎర్ర పట్టీ కట్టిన కొమ్మంటే పనికిరాని కొమ్మ. కాయల కోతలప్పుడు కడతారు, మార్చిలో కత్తిరింపులప్పుడు కళ్ళు మూసుకుని కోసి తగలబెట్టేస్తారు. దాని వంక ఎవరూ రెండోసారి చూడరు. సుమియే తన కొమ్మకు తనే ఎర్ర పట్టీ కట్టింది. ఏటా కత్తిరింపులకు ముందు విప్పేసేది. ఈ ఏడు ఎండలు ముందొచ్చాయి, వాటితో కత్తిరింపులూ ముందొచ్చాయి. ఎంత తెలివి! తన వేలితో తన కన్నే పొడుచుకుంది.

ఆమె తోటకు చేరేసరికి కొమ్మల కుప్ప ఒకటి అప్పటికే భగభగ మండుతోంది. ఇవావో రెండోదానికి నిప్పు తెస్తున్నాడు.

"ఆగవయ్యా! మూడో మెట్టు కొమ్మలేవి?"

"ఇదిగో, ఈ రెండో కుప్పలోనే. పట్టీలన్నీ విప్పి దాచాన్లే, వచ్చే ఏడాదికి పనికొస్తాయి."

"నీ పొదుపు మండ! నా బంగారాన్ని కోసేశావు!" అని సుమియే అంతా చెప్పేసింది. ఇవావో నోరు వెళ్ళబెట్టాడు. ఈసారి నవ్వలేదు.

కుప్పలో వందకు పైగా కొమ్మలు. ఆకులన్నీ వాడి ఒకే వాసన. సుమియే చెట్టు దగ్గరికి పరుగెత్తింది. కోసిన చోట బెరడు జానెడు పొడవున చీలి, మొద్దు నుంచి ఊడిపోయింది.

"ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటున్నా, ముందు కింద నుంచి ఓ గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయమని! చూడు, తోలు ఎలా ఒలిచావో!" అంటూ తిట్టబోయి ఆగిపోయింది. ఊడిన బెరడు కొమ్మతోనే పోయి ఉంటుందిగా! "ఏవయ్యా, బెరడు తోకలా వేలాడే కొమ్మలన్నీ పట్రా! త్వరగా!"

ఇవావో మోశాడు. ఒక్కో కొమ్మా తెచ్చి గాయానికి ఆనించి చూశారు. ఒకటి పొట్టి, ఇంకోటి వెడల్పు. పదిహేడో కొమ్మ తోక, పగిలిన కుండ పెంకులా, అంచుకు అంచు అతుక్కుంది. సుమియే ఆ కొమ్మను పసిపిల్లలా గుండెకు హత్తుకుని ఏడ్చింది, నవ్వింది. గోటితో గీరితే లోపల ఇంకా పచ్చగా ఉంది.

అంటు కట్టడానికి పన్నెండు పుల్లలొచ్చాయి. అందులో పదకొండు చిగురిస్తాయని అప్పటికి తెలియదు.

"చిన్న మొక్కకు కడితే కాపు చూడ్డానికి నేనుంటానో లేదో. ముదురు చెట్టయితే మూడేళ్ళకే కాస్తుంది. దేనికి కడదాం?" అంది సుమియే.

ఇవావో ఇంటి ముందున్న కమలా చెట్టు దగ్గరికి నడిచాడు. వాళ్ళ నాన్న నాటిన చెట్టు. దాని మీద ఇంతవరకు ఎవరినీ కత్తెర వేయనివ్వలేదు.

"దానికా? వద్దయ్యా!"

"నువ్వూరుకో."

అంటు పుల్లలకు చోటు చేయడానికి రంపం తీసి వంగాడు. ముందు కింద నుంచి ఓ గాటు పెట్టాడు. తర్వాత పైనుంచి కోశాడు. పెద్ద కొమ్మ బెరడు చీలకుండా కింద పడింది.