చెంచా మీద కొసరు

ఆ రోజు పొద్దున మా ఆయన పళ్ళు తోముకుని ఉమ్మితే తొట్టిలో నీళ్ళు ఎర్రగా పారాయి. వెనకాలే నిలబడి ఉన్నాను, నా కళ్ళతోనే చూశాను.

"ఏమండీ, అది రక్తం కాదా?"

"బ్రష్ గట్టిగుండాది లే. దానికే గాబరా పడతాండావు."

అంతటితో ఆగలేదు. నేరుగా అంగట్లోకి వెళ్ళి మెత్తటి బ్రష్ ఒకటి తెచ్చుకున్నారు. ఉరవకొండలో మాది కిరాణా అంగడి, ఇల్లు దాని వెనకే. ఏ ఇబ్బంది వచ్చినా దాని విరుగుడు మన అంగట్లోనే ఉంటుందని ఆయన నమ్మకం.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే మా ఆయన గుండెలో ఉన్నది లోహపు వాల్వు. కొన్నేళ్ళ కిందట బెంగళూరులో మైట్రల్ వాల్వు మార్చారు. ఇల్లు సద్దుమణిగితే అది టిక్ టిక్‌మనడం పక్కనున్నవాళ్ళకు కూడా వినిపిస్తుంది. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా రోజూ సాయంత్రం వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి, బతికినన్నాళ్ళూ. రక్తం చిక్కబడితే వాల్వు ఇరుక్కుపోతుంది. మరీ పలచబడితే ఎక్కడ కారడం మొదలైతే అక్కడ ఆగదు. రెండింటికీ మధ్యలో ఉందో లేదో చూసే పరీక్ష పేరు ఐఎన్ఆర్. మాకు చెప్పిన లెక్క రెండున్నర నుంచి మూడున్నర లోపు. ఆ మాత్ర నా చేత్తోనే ఇస్తాను, మింగేదాకా కదలను.

తర్వాత చక్కెర మూట మోసిన భుజం నల్లగా కమిలింది. "మూట ఒరుసుకుంది" అన్నారు. పరీక్షకు పోదామంటే "సంత దినం పోనీ" అన్నారు. మా ఆయనకు సంత దినాలు తప్ప వేరే దినాలుంటే కదా!

ఆ సంత దినమే ఓబులేసు అంగడికి వచ్చాడు. పక్క పల్లెలో శెనక్కాయ వేసే రైతు, మాకు పాత బేరం. కందిపప్పు తూచి పొట్లం కడుతుంటే, "ఏం శెట్టీ, కొసరు మరిస్తివే!" అన్నాడు. మా అంగట్లో తూకం సరిపోయాక కూడా పైన ఇంకాస్త వేయాలి. అదే కొసరు. మా మామగారు పెట్టిన మర్యాద, ఎలక్ట్రానిక్ కాటా వచ్చినా అది పోలేదు. మా ఆయన నవ్వుతూ పప్పు కోసం మూటలోకి వంగారు. లేచేసరికి ముక్కులోంచి రక్తం తూకం పళ్ళెంలో టపటపా పడుతోంది.

"అక్కా! తొందరగా రా, శెట్టికి రక్తం కారతాండాది!" అని ఓబులేసు అరిచాడు.

ముక్కు పట్టి అదిమాను. చన్నీళ్ళ గుడ్డ వేశాను. తువ్వాలు తడిసింది గానీ రక్తం ఆగలేదు. ఓబులేసే తెలిసినవాళ్ళ కారు పిలిచి మమ్మల్ని అనంతపురం తీసుకెళ్ళాడు. దారి పొడవునా ఆయన తల నా భుజం మీద ఆనించి, కారు చప్పుడులో ఆ టిక్ టిక్ వినాలని చూశాను. వినిపించలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆయన చూడకుండా తుడుచుకున్నాను.

ఆస్పత్రిలో ముక్కులో గాజుగుడ్డ కూరి పరీక్షకు రక్తం తీసుకున్నారు. రిపోర్టు చూసిన డాక్టరమ్మ మొహం మారిపోయింది.

"ఐఎన్ఆర్ ఏడు దాటిందమ్మా. ఇప్పుడు తలకు చిన్న దెబ్బ తగిలినా ప్రమాదమే. వెంటనే అడ్మిట్ చేయాలి."

తర్వాత ఆయన్ను అడిగింది. "కొత్తగా ఏ మందైనా వాడారా? పెయిన్ కిల్లర్? యాంటీబయాటిక్? ఆకు మందు, ఆయుర్వేదం?"

"ఏమీ లేదు మేడమ్. మీ మాత్ర తప్ప నోట్లో ఇంకో మాత్ర వేసుకోలేదు."

నేనూ అదే చెప్పాను. ఇద్దరం దేవుడి మీద ఒట్టేసి చెప్పమన్నా చెప్పేవాళ్ళమే.

మరునాడు విరేచనం తారులా నల్లగా అయింది. ఎండోస్కోపీ చేశారు. కడుపు లోపలి పొర నుంచి రక్తం ఊరుతోందన్నారు. వార్ఫరిన్ ఆపారు. రక్తం మళ్ళీ గడ్డ కట్టడానికి విటమిన్ కె ఇవ్వాలి, కానీ ఎంతో తేల్చడానికి పెద్ద డాక్టరుతో ఫోనులో చాలాసేపు మాట్లాడారు. నేను పక్కనే నిలబడి ఉంటే డాక్టరమ్మ నాకు విడమరచి చెప్పింది. "ఎక్కువిస్తే వాల్వు మీద క్లాట్ కడుతుంది, తక్కువైతే బ్లీడింగ్ ఆగదు. తూచి ఇవ్వాలమ్మా." తూచడమంటే ఏమిటో మాకు పుట్టుకతో తెలుసు. కానీ ఈ తూకం వేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ నడుమ నిలబడి ఉన్నది నా మనిషి.

రక్తం ఆగింది. అమ్మయ్య అనుకునేలోపు ఐఎన్ఆర్ బాగా కిందికి పడిపోయింది. ఇప్పుడు భయం వాల్వు గురించి. దాని మీద గడ్డ కట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఒక పొద్దున ఆయనకు ఆయాసం వచ్చింది. ఛాతీ మీద చెవి పెడితే టిక్ టిక్ మెత్తగా, దూరం నుంచి వినిపించినట్టుంది. నర్సును కేకేశాను. గుండె స్కానింగ్, అదే ఎకో, చేసేంతసేపూ గోడకు ఆనుకుని, ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. వాల్వు బాగానే ఉందని చెప్పారు. రక్తం తగ్గడం వల్లే ఆయాసమట. నా చెవులే భయంతో మొద్దుబారి ఉంటాయి.

రక్తం ఎక్కించారు. వార్ఫరిన్ మళ్ళీ మొదలుపెట్టి, లెక్క కుదిరాక ఇంటికి పంపారు. ఎందుకిలా అయిందో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఇంటికొచ్చాక నేను అంగట్లో కూర్చున్నాను, ఆయన వెనక మంచం మీద. వారం వారం పరీక్ష చేయించమన్నారు. మొదటిసారి సరిగ్గానే ఉంది. ఆ తర్వాతిది చూసి మళ్ళీ అనంతపురం రమ్మన్నారు. ఐఎన్ఆర్ అయిదుకు ఎక్కింది.

ఈసారి డాక్టరమ్మ నా వైపే సూటిగా చూసింది. "మాత్ర రెండుసార్లు ఇస్తున్నారా అమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా పసుపు కుంకుమ మీద నాకు ధ్యాస లేదా మేడమ్? నా చేత్తో ఒక్కటే ఇస్తాండా!" అన్నాను గట్టిగానే. ఆమె రిపోర్టు మీద ఏదో రాసుకోసాగింది.

ఇంతలో మా ఆయన పొట్ట నిమురుకుంటూ పెద్దగా త్రేన్చి, నాతో మెల్లగా అన్నారు. "పొద్దున తిన్నది అరగలేదు. ఆ బొప్పాయి పొడి డబ్బా సంచిలో పెట్టినావా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఏం పొడి?"

"అది మందు కాదు మేడమ్. బొప్పాయి పండుది. మా అంగట్లో సరుకే."

అక్కడే ఉంది మా తప్పంతా. కిరాణా వాళ్ళకు మందుల షాపులో ఉన్నది మందు, మన అరలో ఉన్నది సరుకు. ఆ ఎర్ర నీళ్ళు కనబడడానికి కొన్ని వారాల ముందు, సరుకులు వేసే సేల్స్ మనిషి ఒకరు అరుగుదల పొడని చెప్పి కొన్ని డబ్బాలు దించిపోయారు. జీలకర్ర, సోంపు పక్కన సర్దాం. మధ్యాహ్నం బేరం తగ్గాక, పొద్దు వాలే వేళకు సంగటి, శెనక్కాయ చట్నీ గబగబా తినేసి డోలులా ఉబ్బిన పొట్టతో కూర్చునే మా ఆయన, అందులోంచి ఒక డబ్బా ఇంట్లోకి తెచ్చుకున్నారు. హాయిగా ఉందనేవారు. సోంపు నమిలే మనిషిని చూసినట్టే నేనూ చూస్తూ ఉండిపోయాను. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అది లేదు. ఇంటికి రాగానే మళ్ళీ మొదలైంది.

సంచిలోనే ఉన్న డబ్బా తీసిచ్చాను. ఆమె లేబుల్ చదివి చెప్పింది. "ఇది పపైన్. పచ్చి బొప్పాయి పాల నుంచి తీసే ఎంజైమ్. పప్పు, మాంసం లాంటివి అరగడానికి వాడతారు. కొందరికి పనిచేస్తుందంటారు, గట్టి రుజువులు తక్కువ. కానీ వార్ఫరిన్ వాడేవాళ్ళలో రక్తాన్ని ఇంకా పలచన చేయొచ్చు. బొప్పాయి, రబ్బరు పడనివాళ్ళకు ఎలర్జీ రావొచ్చు. గర్భిణులు వాడకూడదు. ఆపరేషన్ ఉంటే ముందుగానే ఆపేయాలి. ఎంత వేసుకుంటున్నారు?"

"దాంట్లో రాసినట్టే మేడమ్. తిన్నాక ఒక చెంచా."

నేను ఊరుకోలేదు. "చెంచా మీద కొసరు గూడా చెప్పండి."

ఆయన తల దించుకున్నారు.

"కొసరంటే?" అంది డాక్టరమ్మ.

"చెంచా నింపినాక చెయ్యి ఆగదు మేడమ్, ఇంకో చెంచాకు తక్కువ కాకుండా పైన పోసుకుంటారు. ఊరికంతా పోసిన చెయ్యి, తనకు పోసుకోకుండా ఉంటాదా?"

ఆమె నవ్వలేదు. "ఇదొక్కటే కారణమని ఖచ్చితంగా చెప్పలేను. కానీ మీ ఇంట్లో మారింది ఇదొక్కటే. దీన్ని ఆపి చూద్దాం. ఇక మీదట నన్నడగకుండా ఏదీ వద్దు."

ఆపాం. వార్ఫరిన్ కూడా ఆమె చెప్పిన ప్రకారం ఒకటి రెండు సాయంత్రాలు మానిపించి మళ్ళీ ఇచ్చాను. తర్వాతి రిపోర్టులో ఐఎన్ఆర్ మూడుకు దిగింది. అప్పటి నుంచి దాదాపు అక్కడక్కడే నిలుస్తోంది.

ఇప్పుడు ఆయన పన్నెండున్నరకల్లా తింటారు, బేరమున్నా సరే. నిదానంగా నమిలి, తిన్నాక అంగడి ముందు నాలుగు అడుగులు వేస్తారు. పొట్ట ఉబ్బరం చాలావరకు తగ్గింది. ఆ డబ్బాలు అరలోంచి తీసి సేల్స్ మనిషికే తిరిగిచ్చేశారు. మొన్న ఓబులేసు అరుగుదలకు ఏదైనా ఇమ్మంటే, "ముందు చెప్పు, రక్తం పలచన మాత్ర ఏమన్నా వేసుకుంటాండావా?" అని డాక్టరమ్మ లెవెల్లో విచారణ పెట్టారు. ఓబులేసు సోంపు కూడా కొనకుండా పారిపోయాడు.

నాలాంటి ఇల్లాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగితే మందులే చెప్పకండి. పొడి, కషాయం, పండు రసం, పక్కింటామె ఇచ్చిన గోళీ, ఇంట్లో మనిషి నోట్లో రోజూ పడేదేదైనా సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. ఎంత పడుతోందో కొసరుతో సహా చెప్పండి. ఏది మందో, ఏది సరుకో వాళ్ళు తేలుస్తారు.

నిన్న సాయంత్రం అంగడి మూశాక మాత్ర ఆయన అరచేతిలో పెట్టాను. మింగి నీళ్ళు తాగి, బేరగాడిలా మళ్ళీ చెయ్యి చాపి, "కొసరు?" అన్నారు నన్ను ఉడికించడానికి.

ఆ చేతిని పక్కకు తోసి ఆయన ఛాతీ మీద చెవి ఆనించాను. టిక్ టిక్‌మంటోంది, స్పష్టంగా.

"ఇదే నాకు ఆ దేవుడేసిన కొసరు" అన్నాను. "ఇంక అడగొద్దు."