పెండ్లిపత్రిక అక్షరాల్లో వానలెక్క

2004 ఖరీఫ్ చివర్లో, అనంతపురం ఎడిషన్‌లో జిల్లా పేజీల డెస్క్ ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు, అచ్చుకు ముందు ఫిల్మ్ తీయడానికి వెళ్తున్న పేజీని ఆపించాను. సాయంత్రం ఐదున్నర అయింది. ఆరు దాటితే ప్రెస్సు నుంచి ఫోన్లు మొదలవుతాయి.

పేజీ నడుమ ఒక ఉత్తరం బొమ్మ ఉంది. మూడు మండలాల వర్షపాతం అంకెలను పైస్థాయిలో దిద్దారని ఒక చిన్న ఉద్యోగి పేరు పెట్టకుండా మాకు ఈ-మెయిల్లో పంపిన ఉత్తరం అది. రుజువుగా ఉంటుందని, ఉన్నదున్నట్టు అచ్చు వేయమన్నది నేనే. పేజీ పెట్టిన డీటీపీ ఆపరేటరు నాగరత్న లేచి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఇవి పెండ్లిపత్రికల అక్షరాలు. ధర్మవరంలో ఐదేండ్లు ఇవే కొట్టినా నేను. ఆఫీసోళ్ళు యాడైనా వాడతారా వీటిని?"

ఒకే ఒక్క ఆఫీసు వాడుతుందని నాకు తెలుసు. ఆ మాట ఆమెకు చెప్పకుండా పేజీ ఆపమన్నాను.

వెనక్కి వెళ్లి వివరించాలి. మండల కార్యాలయం ఆవరణలో వర్షమాపకం ఉంటుంది. గరాటులోంచి సీసాలోకి దిగిన నీటిని ఉదయం ఎనిమిదిన్నరకు కొలగాజులో పోసి, మిల్లీమీటర్లు చూసి రిజిస్టరులో రాస్తారు. ఆ అంకె ఫోనులో డివిజన్ కార్యాలయానికి, అక్కడి నుంచి కలెక్టరేటుకు చేరుతుంది. కరువు మండలాల జాబితా తయారయ్యేది ఆ అంకెలను బట్టే. జాబితాలో పేరుంటే పశువులకు మేత వస్తుంది, కూలి పనులు తెరుస్తారు. పేరు లేకపోతే ఊడలు మట్టిలోకి దిగక, కాయ కట్టక ఎండిపోయిన వేరుశనగ పైరు పక్కన నిలబడి, మీ ఊళ్లో వాన పడింది కదా అని అధికారి చెప్పే మాట వినాలి.

మాకు రాసినాయన అలాంటి ఒక మండలంలో కొలత తీసే ఉద్యోగి. మండలం పేరు ఇప్పుడూ రాయను. తాను చుక్క లేదని చెప్పిన రెండు రోజుల్లోనూ మంచి వాన పడినట్టు డివిజన్ పట్టికలో కనిపించింది. పొరుగున మరో రెండు మండలాలకూ అలాగే జరిగింది. తన రిజిస్టరులోనూ ఆ ప్రకారం దిద్దుకోమని పైనుంచి చెప్పారు. మొదటిసారి ఆయన నన్ను కలిసింది గార్లదిన్నె బస్టాండులో. రుజువులు ఇస్తానన్నాడు. ఇవ్వడానికి మాత్రం భయం.

"నాయన పోయినాక కారుణ్య నియామకంలో వచ్చిన ఉద్యోగం సార్ ఇది. ఇంకా ప్రొబేషను ముగియల్యా. నా పేరు బయటపడితే ఒక్క కాగితంతో తీసేస్తారు."

ఆ భయానికి కారణం ఉంది. అంతకు ఏడాది ముందు వేరే శాఖ ఉద్యోగి ఒకాయన నెట్ సెంటర్ నుంచి పైఅధికారులకు ఫిర్యాదు మెయిల్ పంపాడు. ప్రతి మెయిల్ తలభాగంలో అది బయలుదేరిన కనెక్షన్ నంబరు ఉంటుంది. మామూలుగా కనిపించదు గానీ తెలిసినవాళ్లు బయటికి తీయగలరు. నంబరు నెట్ సెంటర్ దగ్గరికి తీసుకెళ్లింది, నెట్ సెంటర్ యజమాని మనిషి ఆనవాళ్లు చెప్పాడు. వారంలో ఆయనకు బదిలీ అయింది.

అప్పుడే ఓబులేసు గుర్తుకొచ్చాడు. ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ లెక్చరరు. అతనిది కణేకల్ దగ్గర పల్లె. పంపినవారి జాడ తెలియకుండా సమాచారాన్ని మోసే ఒక సాఫ్ట్‌వేర్‌ను విదేశాల్లో కొందరు తయారుచేస్తున్నారని, అది ఇంకా పరీక్షల దశలోనే ఉందని, ఎవరైనా దింపుకుని వాడి లోపాలు రాసి పంపవచ్చని అతను కొన్నాళ్లుగా చెబుతున్నాడు. సమాచారం నేరుగా వెళ్లదు, లోకంలో ఎక్కడెక్కడో ఉన్న మూడు యంత్రాల గుండా వెళ్తుంది. ఒక్కో యంత్రానికి తన ముందున్నది, వెనకున్నది మాత్రమే తెలుస్తాయి. నాకు అర్థం కాలేదంటే అతను వంటింటి భాషలో, ఉల్లిగడ్డతో పోల్చి చెప్పాడు.

"ఎర్రగడ్డ అనుకో అన్నా. ఒకొక్కడు ఒక పొరే ఒలిచి ముందరోనికి ఇస్తాడు. ఏ చేన్లో పండిందో కడాకు తినేటోనికి తెలీదు."

మా ఊరి ఫోను లైన్ల మీద అది నత్తనడక నడిచేది. మూడు యంత్రాల దారి కుదిరేలోపే, అది వేచి చూసే గడువు తీరిపోయి తెగిపోయేది. కరెంటు పోతే మళ్లీ మొదలు. ఓబులేసు ఆ తెగిపోవడాలన్నీ నోటు పుస్తకంలో గంటలు, నిమిషాలతో రాసుకుని తయారీదారుల మెయిలింగ్ లిస్టుకు పంపేవాడు. ఒక్కో ప్రశ్నకు వాళ్లు ఓపికగా జవాబులిచ్చేవారు. ఒక కొత్త వెర్షనులో, వేచి చూసే గడువు పెంచారని సంబరంగా చెప్పాడు. అది తన ఉత్తరాల వల్లేనని మాత్రం అనలేదు. ఎవరి కోసమో అడగకుండానే ఆ వెర్షనును సీడీలో ఎక్కించి నాకిచ్చాడు. నేను దాన్ని, ఎలా వాడాలో రాసిన కాగితంతో సహా, ఆ మండల ఉద్యోగికి చేర్చాను.

ఆయన ఒక ఆదివారం మధ్యాహ్నం టౌనులో నెట్ సెంటరుకు వెళ్లి, మూడు గంటలు కూర్చుని పంపాడు. చేతిరాత గుర్తుపడతారని ఉత్తరాన్ని ముందే ఆఫీసు కంప్యూటర్లో టైపు చేసి ఫ్లాపీలో తెచ్చుకున్నాడు. జాగ్రత్త అనుకుని చేసిన ఆ పనిలోనే పొరపాటుంది.

అప్పట్లో తెలుగు ఫాంట్లు ఎవరివి వారివే. ఒకదాంట్లో కొట్టినది ఇంకోదాంట్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. ఆయన ఆఫీసు కంప్యూటర్‌తో తెలుగు ఫాంటు రాలేదు. తాను టైపు నేర్చుకున్న ధర్మవరం డీటీపీ సెంటరు నుంచి ఆయనే ఒకటి తెచ్చి వేశాడు. తలకట్లు మెలికలు తిరిగే పెండ్లిపత్రికల ఫాంటు అది. ఆ మండలం నెలవారీ వర్షపాతం పట్టిక కలెక్టరేటుకు ఆ అక్షరాల్లోనే వచ్చేది. "ఏమప్పా, ఈ మండలమోళ్ళు వానకు కూడా ముహూర్తం పెట్టినారే" అని అక్కడి గుమాస్తాలు నవ్వుకోవడం నేను చెవులారా విన్నాను. విన్నా, ఉత్తరం నా చేతికి వచ్చినప్పుడు తట్టలేదు. పిచ్చి గీతలుగా తెరుచుకున్న ఫైలును నాగరత్న తన దగ్గరున్న ఫాంట్లన్నీ వేసి చూసి చదవగలిగేలా చేయగానే, ఆ సంతోషంలో అక్షరాల వంక చూడలేదు.

బొమ్మ లేకుంటే, పంపినది మూడు మండలాల్లో ఎవరైనా కావచ్చు, డివిజన్ వాళ్లూ కావచ్చు. అనుమానం పాతిక మంది మీదకు పోతుంది. ఆ బొమ్మ అచ్చయితే ఒక్కరి మీదే నిలుస్తుంది.

ఉత్తరాన్ని మా పత్రిక ఫాంటులో మళ్లీ కొట్టించి, కావాల్సిన నాలుగు వాక్యాలే వాడి, బొమ్మ ఉన్నచోట ఎండిన చేను ఫొటో పెట్టాం. పేజీ పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. నాగరత్న తన కంప్యూటర్లోని ఫైలు తీసేసి ఇంటికి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత ఒక రెవెన్యూ అధికారి, ఆయన వెంట మఫ్టీలో ఒక పోలీసు మా ఆఫీసుకు వచ్చారు. మెయిల్ బయలుదేరిన కనెక్షన్ నంబరు కావాలన్నారు. నేను కుదరదన్నాను. నేను పక్క గదిలో ఎడిటర్‌తో ఫోనులో ఉండగా, మా మేనేజరు భయపడి మెయిల్ తలభాగం ప్రింటు తీసి ఇచ్చేశాడు. వారం గడిచింది. తర్వాత ఆ పోలీసాయనే కలెక్టరేటు మెట్ల మీద నన్ను ఆపాడు.

"ఏమన్నా, మీకు వానలెక్కలు చెప్పేటోడు యూరప్‌లో ఉండాడా? ఆ నంబరు ఏదో యూనివర్సిటీదంట."

మాకు అన్నిచోట్లా విలేకరులున్నారని అన్నాను. నవ్వాడు. అతను వెళ్లాక ఉన్నచోటనే మెట్టు మీద కూర్చున్నాను. వాళ్లకు దొరికింది మూడో యంత్రం నంబరు, వాళ్ల దృష్టంతా దాని మీదే. ఉత్తరం చూపించమని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే మేనేజరు అదీ ఇచ్చేవాడు. అప్పటికీ అది మా డెస్క్ మెయిల్లోనే ఉంది, తీసేయాలని నాకు తోచనే లేదు.

మరుసటి ఏడాది ఆ ఉద్యోగి ప్రొబేషను పూర్తయింది. ఉత్తర్వు అందిన రోజు ఆఫీసుకు ఫోను చేసి, పేరు చెప్పకుండా, "సార్, అయిపోయినాది" అని పెట్టేశాడు.

ఓబులేసు సాఫ్ట్‌వేర్ తన పని సరిగ్గా చేసింది. ఉత్తరం నడిచిన దారిని దాచింది. ఉత్తరంలోనే ఉన్న గుర్తులను దాచడం దాని పని కాదు, మా పని. ఆ తర్వాత పదవీ విరమణ వరకు బయటినుంచి వచ్చిన ఏ కాగితం బొమ్మనూ అచ్చు వేయలేదు. అన్నీ మళ్లీ కొట్టించాను, వచ్చిన ఫైలును అదే రోజు తీసేయించాను.

సవరించిన కరువు జాబితాలో పొరుగు మండలాలు రెండూ చేరాయి. ఆయన పనిచేసే మండలం చేరలేదు. ఆ రెండు రోజులూ అక్కడ వాన పడిందనే అధికారిక పట్టికలో ఇప్పటికీ ఉంది. ఆ అంకె ఎవరు వేశారన్నది తేలలేదు.