అరటిపువ్వు రంగులో తెల్లమచ్చ

మా ఇంట్లో గోడకు వేలాడే ఎలక్ట్రిక్ గిటారు మీద అరచేతంత తెల్లమచ్చ ఒకటి ఉంది. అది మా అక్క చేతి నూనె వల్ల పడిందని చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. కాదని నాకెలా తెలిసిందో కూడా చెప్పాలి.

ఆత్మకూరులో నాది యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం. ఆ పెట్టెల్లోంచి వచ్చే గిటారు మోత అసలు ఎక్కడ పుడుతుందో చూడాలని ఈ వయసులో బుద్ధి పుట్టింది. విరిగిన గిటారు మెడ ఒకటి దొరికింది. రెండు మామిడి పలకలు అతికించి ఒళ్లు కోశాను. సన్నటి రాగితీగ చుట్టి, తీగల కదలికను మోతగా పట్టే పికప్ చేశాను. మీటితే మోగింది. కానీ నడుమ అతుకు గీత కనిపిస్తూ పాత పీటలా ఉంది.

వనపర్తి ప్లైవుడ్ దుకాణంలో మిగిలిన వెనీర్ ముక్క ఇచ్చారు. చెక్కనే కాగితంలా చీరిన పొర అది. వెలుతురుకు ఎత్తితే అవతల నా వేళ్ల నీడ కనిపించింది. ఇంత పలచటిది అంత మొరటు చెక్కను ఎలా దాస్తుందా అనుకున్నాను. తెల్ల జిగురు దండిగా పూసి, పొర పరిచి, పైన పాత పేపరు వేసి, బరువుకు దుకాణంలోని ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాను. మరునాడు గోటితో తట్టి చూస్తే ఎక్కడా బోలు మోత లేదు. ఎగిరి గంతేయడమే తక్కువ.

ఇక రంగు. మాది గద్వాల మగ్గాల ఇల్లు. చీర అంచులకు వాడే పట్టుదారాన్ని నేయించే సావుకారు చిలపలుగా చుట్టి ఇస్తే, అక్క వాటికి రంగు వేసి ఇస్తుంది. ఆమె బతుకు అదే. ఫోన్ చేస్తే రంగుపొడి పొట్లం కట్టుకుని బస్సెక్కి వచ్చింది.

"అరటిపువ్వు రంగు తెచ్చిన. ఏదిరా నీ చీర?"

"చీర గాదక్కా, గిటారు."

"పీట లెక్కున్నది. నీ పెండ్లాం ఏమంటలేదా?"

"నవ్వుతున్నది."

"నవ్వక ఏం జేస్తది పాపం."

సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. వేడినీళ్లలో పొడి కలిపి, రంగు నిలవడానికి జర సిర్కా, అదే వెనిగర్, వేసింది. నేను బ్రష్ అందిస్తే పక్కకు నెట్టి, ముందు ఉత్త తడిబట్టతో వెనీర్ అంతా తుడిచింది.

"రంగు ఎయ్యకముందే తడి ఎందుకక్కా?"

"పొడి దారాన్ని రంగుల ముంచితే యాడికాడ తాగుతది, మచ్చలు మచ్చలైతది. గీ చెక్క గూడ గంతే గావొచ్చు. చూద్దాం పట్టు."

చెక్క గీతల వెంబడే రంగుబట్ట లాగింది. ఇంతసేపూ తెల్లగా, ఏమీ లేనట్టున్న పొరలో అలలు అలలుగా గీతలు లేచాయి. ఇవన్నీ ఎక్కడ దాక్కున్నాయా అని వంగి చూస్తున్నాను. అప్పుడే ఒకచోట రంగు పట్టలేదు. అక్క మళ్లీ రుద్దింది. పట్టలేదు.

"తలకు నూనె పెట్టుకొని వచ్చినవా ఏంది?" అన్నాను.

ఆమె తన చేతులు తిప్పి చూసుకుంది. "పట్టు ముట్టేటోళ్ళం, నూనె చేతులతోని వస్తమారా?" అంది.

తర్వాత అమరచింతలో మా అత్తవారి వైపు నిశ్చితార్థానికి గిటారు పట్టుకుపోయాను. భోజనాల దగ్గర అందరూ రంగు చూసి మెచ్చుకున్నారు. "రంగు నాది, మచ్చ మా అక్కది. నూనె చెయ్యి పెట్టింది" అన్నాను. పంక్తి అంతా నవ్వింది. అక్క అదే పంక్తిలో ఉంది. నిశ్చితార్థం చీర తెచ్చిన ఆ సావుకారు కూడా ఉన్నాడు. బాగా పేలిందని అదే మాట నాగర్‌కర్నూలులో స్నేహితుల దగ్గరా చెప్పాను.

కొన్నాళ్లకు అక్క ఫోన్ చేసింది. "ఆ నూనె ముచ్చట ఇంకెవ్వలకు చెప్పకు తమ్మీ. సావుకారు కాక నాకు పట్టు ఇస్తలేడు."

రంగు వేసే మనిషి చేతికి నూనె ఉందంటే ఎవరూ పట్టు ఇవ్వరు. మగ్గాల ఇంట్లో పుట్టి నాకది తెలియదా? తెలుసు. నవ్వించేటప్పుడు గుర్తు రాలేదు.

ఆ రోజే మిగిలిన వెనీర్ ముక్క మీద కొబ్బరినూనె చెయ్యి అద్ది, అక్క వేసినట్టే రంగు వేశాను. రంగు అక్కడా పట్టలేదు. కానీ ఆ మచ్చ అంచులు మబ్బులా చెదిరి ఉన్నాయి. గిటారు మీద మచ్చకు అంచులు తిన్నగా, గీసినట్టు ఉన్నాయి. దగ్గరగా చూస్తే అది ఒకే మచ్చ కాదు, జల్లెడ కన్నాల్లాంటి సన్నటి చుక్కలు. చేతికి తిన్నటి అంచు ఎలా వస్తుంది? అరచెయ్యి పెట్టి చూశాను, సరిపోలేదు. ఇంకేముంటుందా అని చుట్టూ చూస్తే ఆనాడు బరువుకు పెట్టినవాటిలో అన్నిటికంటే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బల్ల మీద కనిపించింది. పెట్టాను. నాలుగు అంచులూ, బిగించే రెండు చెవులూ మచ్చ మీద అచ్చంగా కూర్చున్నాయి. అడుగున పేపరు ముక్క జిగురుతో అంటుకునే ఉంది. పైన సాపు పలక వేయకుండా బరువు పెట్టడంతో, నేను దండిగా పూసిన జిగురు ఆ ఒక్కచోట పొరలోంచి పైకి ఊరింది. జిగురు మీద రంగు పట్టదు.

గిటారూ ట్రాన్స్‌ఫార్మరూ సంచిలో వేసుకుని గద్వాల పోయాను. అక్కను వెంటబెట్టుకుని సావుకారు ఇంటికి వెళ్లాను.

"ఏమయ్యా, మా మీటర్ గిట్ల మార్చనీకె వచ్చినవా?" అన్నాడు సావుకారు, నా చేతిలో ట్రాన్స్‌ఫార్మర్ చూసి.

మచ్చ మీద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూపించాను. అద్దాలు పెట్టుకుని వంగాడు.

"నూనె గాదన్నట్టు."

"గాదు కాకా. రంగు అక్కది, మచ్చ నాది."

"మరి గానాడు మస్తు నవ్విస్తివి గదనయ్యా."

అక్క అందుకుంది. "నన్ను అడగకపోతివి గద కాకా. నా చేతి పట్టు ఎన్ని అంచులకు పోయిందో నీకు తెల్వదా? ఒక్క మచ్చ చూసినవా?"

ఆయన లోపలికి పోయి పట్టు చిలపలు తెచ్చాడు. మునుపటంత కాదు, కొన్నే. "నిమ్మళంగ చేసి తే బిడ్డా" అన్నాడు.

బస్టాండు దాకా అక్క చిలపలు చంకన పెట్టుకుని నాతో నడిచింది. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఇక్కడ చెప్పినవ్, మంచిది. నవ్విచ్చిన జాగలన్నిట్ల చెప్పాలె."

అమరచింత పోయి చెప్పాను. నాగర్‌కర్నూలులో ఆరోజు ఎవరెవరు ఉన్నారో, వాళ్లు ఇంకెవరితో అన్నారో నాకు తెలియదు. అందుకే రాస్తున్నాను.