ఓదెమ్మ నాటిన అడవి ఆముదం కంచె

పుట్టిన ఊరికి దూరంగా, మరాఠీ వాళ్ల నార్పోలిలో, సాంచాల షెడ్డులో, అంటే మరమగ్గాల దగ్గర, ఓదెమ్మ ఏళ్ల తరబడి కండెలు చుట్టింది. నూలు ధూళి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. ఆ దుమ్ములో ఇక కూర్చోవద్దని డాక్టరు అన్నాక పని మానేసింది. ఆమె భర్త లక్ష్మీనర్సయ్య మాత్రం సాంచాలు నడుపుతూనే ఉన్నాడు.

తొంభైల చివర్లో పక్క ఊరు కాల్హేర్‌లో ఇంకా పొలాలుండేవి. అక్కడి హీరాబాయి ఇంటి వెనక కొంత భూమి పడావు పడి ఉంటే, ఓదెమ్మ వెళ్లి ఆకుకూరలు వేసుకుంటానని అడిగింది. తన ఇంటికి కూర ఇస్తే చాలంది హీరాబాయి.

మెంతి, పాలకూర మొలిచాయో లేదో, పక్కనున్న పాలవాళ్ల తబేలా బర్రెలు వచ్చి మేసిపోయాయి. తుమ్మకంప అడ్డం పెడితే ఎవరో పొయ్యిలోకి ఎత్తుకుపోయారు. అప్పుడు పూర్ణ రోడ్డు పక్క కాలువ గట్టున ఆమెకు అడవి ఆముదం కనిపించింది. పెద్దపల్లి దగ్గరి తన పుట్టింటి ఊళ్లో చేలకు కంచె అదే. తుంచితే పాలు కారతాయి, గొడ్డు మూతి పెట్టదు, ఎండకు తట్టుకుంటుంది. తొలివానలకు కొమ్మలు విరిచి గుచ్చితే చాలు, అవే చిగురిస్తాయి.

రెండో వానాకాలానికి కంచె గుబురుగా పెరిగింది. బర్రెలు వాసన చూసి మళ్లిపోయేవి. ఎండాకాలం రాలిన ఆకును ఓదెమ్మ మళ్లలోనే కలిపేది. గింజలు దంచి పేడకుప్పలో వేసి మాగనిచ్చి ఎరువుగా చల్లేది. చెదలు తగ్గాయని ఆమె నమ్మకం.

ఆ ఏడు దసరా సెలవుల్లో ఒకరోజు హీరాబాయి మనవరాలు ప్రాజక్త ఒక్కసారిగా వాంతులు మొదలుపెట్టింది. పిల్ల ఒళ్లు చల్లబడింది. బండి మీద తిన్న వడాపావ్ పడలేదేమో అని హీరాబాయి అనుకుంది. పిల్ల పొద్దున కంచె దగ్గర ఆడుకున్నది గుర్తొచ్చి ఓదెమ్మ అక్కడికి పరిగెత్తి చూసింది. నల్లటి గింజల పొట్టు అక్కడ చెదిరి ఉంది. పల్లీల రుచి ఉంటుంది ఆ పప్పు, విషమని పిల్లలకు ఏం తెలుస్తుంది?

చెబితే భూమి పోతుందని ఆమెకు తెలుసు. అయినా కాయలున్న కొమ్మ ఒకటి విరుచుకుని వచ్చి, పిల్ల తిన్నది ఇదేనని, నాటింది తానేనని వచ్చీరాని మరాఠీలో హీరాబాయికి చెప్పేసింది. హీరాబాయి పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కింది. కొమ్మ పట్టుకుని ఓదెమ్మ కూడా ఎక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు కొమ్మను చూడగానే గుర్తుపట్టి, పిల్లను లోపలికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించాడు. కబురు అంది లక్ష్మీనర్సయ్య వచ్చేసరికి ఓదెమ్మ వరండా మెట్ల మీద ఉంది.

"ఎట్లున్నదే పిల్ల?"

"వాంతులు ఇంకా ఆగలేదు. భూమి పోతె పోనీ, పిల్ల లేసి కూసుంటె సాలు."

పొద్దు వాలుతుండగా హీరాబాయి బయటికి వచ్చింది. వాంతులు ఆగాయట, ఖారీ బిస్కెట్ కావాలని మారాం చేస్తోందట. ఓదెమ్మ గోడకు ఆనుకుంది. పొద్దున్నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. హీరాబాయి పక్కన కూర్చుని, వెంటనే చెప్పావు కాబట్టే డాక్టరు తడుముకోలేదు అంది. చిన్నప్పుడు తన తమ్ముడు కూడా ఆ గింజలే తిని ఇలాగే జబ్బు పడ్డాడట.

మర్నాడు పిల్లను ఇంటికి పంపారు. ఓదెమ్మ కొడవలి పట్టుకుని కంచె నరకడానికి వచ్చింది. హీరాబాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కంచె పోతే బర్రెలు మళ్లీ దిగుతాయి కదా అంది. ఇంటి వైపు మొక్కలు తీసేయాలని, మిగతా వాటికి కాయలు పచ్చిగా ఉన్నప్పుడే కోసి ఎరువుగుంటలో పూడ్చాలని ఇద్దరూ అనుకున్నారు. ప్రాజక్త అరుగు మీద కూర్చుని, వాడలోని పిల్లలకు ఆ కాయ చూపిస్తూ ఇది తినొద్దని చెబుతోంది, తానే కనిపెట్టినట్టు.

ఇంటి వైపు మొక్కలు కొట్టేసరికి మధ్యాహ్నమైంది. హీరాబాయి బియ్యప్పిండి రొట్టె భాకరి, ఎండురొయ్యల కూర పెట్టింది. ఎంత ఆకలిగా ఉందో ఓదెమ్మకు అప్పుడే తెలిసింది. ఇంకో భాకరి అడిగి మరీ తింది.